చిల్కాలో మీవాడి పాసింగ్ అవుట్ పరేడ్‌కి వైజాగ్ నుంచి వెళ్తున్నారా?

నేవీలో అగ్నివీర్‌గా చేరిన పిల్లల తొలి శిక్షణ ఒడిశాలో, చిలికా సరస్సు ఒడ్డున ఉన్న నేవీ శిక్షణ కేంద్రం ఐఎన్ఎస్ చిల్కాలో జరుగుతుంది. అది ముగిశాక చేసే కవాతే పాసింగ్ అవుట్ పరేడ్. మన ఊళ్లో నేవీవాళ్లని రోజూ చూస్తాం కాబట్టి వైజాగ్‌లోనే ఉన్న సింధియా దాకా వెళ్లొచ్చినంత సులువు అనుకుని బయల్దేరేవాళ్లు చాలామంది. అంత సులువు కాదు, అలాగని టెన్షన్ పడాల్సిందీ లేదు. ఆ రోజు టైమంతా మీవాడి చేతిలోనూ ఉండదు, మీ చేతిలోనూ ఉండదు, అది ఒప్పేసుకుని ప్లాన్ చేసుకుంటే మిగతావన్నీ కుదురుతాయి.

ముందు తేదీ సంగతి. శిక్షణ 16 వారాలు కదా అని క్యాలెండర్ మీద లెక్కపెట్టేసి టికెట్లు తీసేయకండి. వాడి బ్యాచ్ కుర్రాడి బాబాయి చెప్పాడు, వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు, ఇవేవీ లెక్కలోకి రావు. ఆహ్వానంలో ఉన్న తేదీ, టైమే తీసుకోండి. రైల్వే రిజర్వేషన్ ఎలాగూ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి అంతకన్నా ముందు కంగారు పడి చేసేదేమీ లేదు. టైము కూడా ఎందుకు చూడమంటున్నానంటే, పరేడ్ అంటే పొద్దున్నే అని మనకో లెక్క ఉంటుంది, కానీ మొదటి అగ్నివీర్ బ్యాచ్ పరేడ్ 2023 మార్చి 28న సూర్యాస్తమయం తర్వాత జరిగింది. మీవాళ్లదీ అలాగే ఉంటే ఆ రాత్రి రైలుకి తిరుగు టికెట్ తీసుకున్నవాళ్ల పని అయినట్టే.

ఎవరెవరు వెళ్లాలన్నది ఇంట్లో తేల్చుకోవాల్సిన అసలు పంచాయితీ. అమ్మమ్మ వస్తానంటుంది, మేనమామ సెలవు పెట్టేస్తాడు, పెద్దమ్మ కూతురికి రీల్ కావాలి. ఆహ్వానంలో ఎంతమంది అని ఉంటే అంతమందే, లోపలికి వెళ్లలేనివాళ్లని గేటు బయట ఎండలో కూర్చోబెట్టడం కన్నా ఇంట్లోనే ఉండమని మొహమాటం లేకుండా చెప్పేయడం మేలు. పేర్లు పంపేటప్పుడు ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే పంపండి. మనకి ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉండటం మామూలే, గేటు దగ్గర ఉన్న హిందీ అబ్బాయికి అది వివరించడం మాత్రం మామూలు విషయం కాదు. జిరాక్స్‌తో సరిపెట్టకుండా ఒరిజినల్ కార్డులు పట్టుకెళ్లండి.

దిగాల్సిన స్టేషన్ బాలుగావ్. హౌరా మెయిన్ లైన్ మీదే, వైజాగ్ నుంచి సుమారు 350 కిలోమీటర్లు. అన్ని రైళ్లూ అక్కడ ఆగవు. దొరక్కపోతే బరంపురంలోనో, దాటిపోయి ఖుర్దా రోడ్‌లోనో దిగొచ్చు, ఏ వైపు నుంచైనా ఇంకో 75 కిలోమీటర్ల దాకా ఉంటుంది. బరంపురం అయితే తెలుగు మాట్లాడేవాళ్లు దొరుకుతారు, పెద్దవాళ్లతో వెళ్తే అదే నయం. కొన్ని రైళ్లు వైజాగ్ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడ మీదుగా వెళ్లిపోతాయి, ఎక్కే స్టేషన్ ఏదో చూసి మరీ టికెట్ తీయండి. కారైతే ఆనందపురం, శ్రీకాకుళం, పలాస, ఇచ్ఛాపురం మీదుగా అంతా 16వ నంబరు జాతీయ రహదారే. రోడ్డు బాగుంటుంది కదా అని పరేడ్ అయిన రాత్రే తిరిగి బయల్దేరకండి, రోజంతా ఎండలో నిలబడి ఏడ్చి నవ్విన మనిషికి స్టీరింగ్ ఇవ్వకూడదు.

ఒకరోజు ముందే చేరుకోండి. మొదటి బ్యాచ్‌లోనే దాదాపు 2,600 మంది ఉన్నారు, వాళ్లలో దాదాపు 270 మంది అమ్మాయిలు. అందులో సగం మంది తల్లిదండ్రులు వచ్చినా బాలుగావ్ లాంటి చిన్న ఊళ్లో గదులు ఎక్కడ సరిపోతాయి? చిలికా ఒడ్డునే బర్కుల్‌లోనూ రంభలోనూ ఒడిశా టూరిజం వాళ్ల హోటళ్లు, పాంథనివాస్‌లు ఉన్నాయి, అవీ నిండిపోతే బరంపురంలో ఉండి తెల్లారే ఆటోనో కారో మాట్లాడుకోండి.

ఇప్పుడు తిండి. అమ్మలు ఎలాగూ ఆగరు. అరిసెలు, చక్రాలు, సున్నుండలు, మాడుగుల హల్వా, ఏదైనా కారనివి, రెండు మూడు రోజులు పాడవనివి చూడండి. చేపల పులుసు వద్దు, ఎంత ఇష్టమైనా వద్దు. ఒక్కడికే కట్టకండి, పక్క మంచం వాడు పంజాబో బీహారో అయి ఉంటాడు, డబ్బా మూత తీసిన రెండు నిమిషాల్లో అయిపోతుంది. తినుబండారాలు లోపలికి తేవచ్చో లేదో మీవాణ్ణి ముందే అడగండి, వద్దంటే గదిలో ఉంచి బయటికి వచ్చాక పెట్టండి.

ఇంకో పని ఫోన్లోనే చేసేయాలి. మీవాడు ఏ డివిజన్, ఎన్నో వరుస, ఏ చివర నుంచి ఎన్నోవాడు, ఇవి రాసుకోండి. అందరిదీ ఒకే తెల్ల యూనిఫాం, ఒకే క్రాఫు, అందరూ నల్లబడి చిక్కిపోయి ఉంటారు. ఈ వివరం లేకపోతే పరేడ్ మొత్తం ఎవరి పిల్లాణ్ణో చూసి కళ్లు తుడుచుకుంటారు. అలాగే పరేడ్ అయ్యాక ఎక్కడ కలవాలో ఒక గుర్తు అనుకోండి, ఎందుకంటే ఫోన్లు బయటే పెట్టేయమంటే మీరు వాడికి చేసే దారి ఉండదు. అది నౌకాదళ స్థావరం, తీయొద్దన్న చోట ఫోటో తీయకండి, తీసినవి కూడా లొకేషన్‌తో సహా స్టేటస్‌లో పెట్టకండి. బావమరిదికి ఈ మాట రెండుసార్లు చెప్పాలి.

కలవగానే "ఎంత చిక్కిపోయావురా" అని మొదలుపెట్టకండి. వాడు ఛాతీ విరుచుకుని వచ్చి ఉంటాడు, ముందు సెల్యూట్ చేయనివ్వండి. ట్రోఫీలు ఎవరికో కొందరికే వస్తాయి, నీకెందుకు రాలేదని అక్కడ అడక్కండి. అమ్మాయిల్లో మెరిట్‌లో మొదటి స్థానానికి జనరల్ బిపిన్ రావత్ పేరు మీద రోలింగ్ ట్రోఫీ ఉంది. కూతురి పరేడ్‌కి వెళ్లేవాళ్లు ఆ ప్రకటన శ్రద్ధగా వినండి.

పూరీ ప్లాన్ ఉంటే పరేడ్ తర్వాతే పెట్టుకోండి, ముందు పెడితే అలసిపోయి అసలు దానికి నిద్రమొహాలతో వస్తారు. టైముంటే బాలుగావ్ నుంచో బర్కుల్ నుంచో పడవెక్కి సరస్సులోని దీవి మీదున్న కాళీజాయి అమ్మవారి దర్శనం చేసుకోవచ్చు. డాల్ఫిన్లు మాత్రం అటు పూరీ వైపు సాతపడా దగ్గర, ఇటువైపు పడవవాడు చూపిస్తానంటే నమ్మకండి.

పిల్లాడికి తిరుగు టికెట్ మాత్రం ముందే తీయకండి. సెలవు ఇస్తారా, నేరుగా తర్వాతి శిక్షణకి పంపుతారా అన్నది వాడి నోటితో ఖాయంగా విన్నాకే తీయండి. తర్వాతి శిక్షణ బ్రాంచిని బట్టి ఉంటుంది. ఇంజినీరింగ్ అయితే లోనావాలాలో ఐఎన్ఎస్ శివాజీ, ఎలక్ట్రికల్ అయితే జామ్‌నగర్‌లో ఐఎన్ఎస్ వల్సురా. సబ్‌మెరైన్ స్కూల్ ఐఎన్ఎస్ శాతవాహన మన వైజాగ్‌లోనే ఉంది గానీ, అందరూ ఇక్కడికే వస్తారని చుట్టాలకి చెప్పేయకండి. సెలవు ఇచ్చారని తేలితే అప్పుడు తత్కాల్ చూడండి, ప్రయాణానికి ముందురోజు ఏసీకి ఉదయం 10 గంటలకి, స్లీపర్‌కి 11 గంటలకి తెరుస్తారు. కన్ఫర్మ్ అయిన తత్కాల్ రద్దు చేస్తే డబ్బు రాదు.