నల్లమట్టిలో నీలి సాల్వియా

కడియం నర్సరీలో కొన్న నీలి సాల్వియా పూల మొక్క మొదటి ఏడాది వానాకాలం దాటలేదు. తప్పు నాదే. పెరటి నల్లమట్టిలో నేరుగా నాటాను, వేర్లు కుళ్లిపోయాయి. ఇప్పుడు జానెడు ఎత్తున మడి కట్టి, మూడో వంతు గోదావరి ఇసుక, కాస్త మాగిన పశువుల ఎరువు కలుపుతున్నాను. ఎరువు ఎక్కువైతే ఆకులే తప్ప పూలుండవు. రోజుకు కనీసం 6 గంటల ఎండ, మొక్కల మధ్య అడుగు దూరం ఉండాలి. వేలు గుచ్చి చూసి, అంగుళం లోతున పొడిగా ఉంటేనే నీళ్లు పోయండి.

అసలు పని కత్తెరతోనే. వాడిన పూల కంకి కింద, జత ఆకుల మొదట్లో బియ్యపు గింజంత చిగుళ్లుంటాయి. సరిగ్గా వాటి పైన కత్తిరించాలి. కాండాన్ని వేళ్ల మధ్య తిప్పితే నాలుగు పలకలు తగులుతాయి. తులసి కుటుంబమే మరి, మా అత్తగారు ఒప్పుకోకపోయినా! కొత్త మొక్కల కోసం వానలకు ముందే నాలుగు లేత కొమ్మలు తడి ఇసుకలో గుచ్చి, నీడన ఉంచుతాను.