బాస్ గిటార్‌ని ఒకే టేక్‌లో డైరెక్ట్‌గానూ ఆంప్ నుంచీ రికార్డ్ చెయ్యడం

బాస్ రికార్డింగ్‌కి డైరెక్ట్ సౌండ్ (గిటార్ కేబుల్ నుంచి నేరుగా తీసుకునేది) మంచిదా, ఆంప్ (యాంప్లిఫయర్) ముందు మైక్ పెట్టడం మంచిదా అని చాలామంది అడుగుతుంటారు, నన్నడిగితే ఒకే టేక్‌లో రెండూ తీసేసుకోండి, దానికి ఒక డీఐ బాక్స్ చాలు, అంటే గిటార్ సిగ్నల్‌ని మైక్ ఇన్‌పుట్‌కి సరిపోయేలా మార్చే చిన్న పెట్టె. డైరెక్ట్‌లో కింది నోట్లు క్లియర్‌గా నిలబడతాయి, ఆంప్‌లో స్పీకర్ గరుకుదనం వస్తుంది, మిక్స్‌లో ఎంత కావాలంటే అంత కలుపుకోవచ్చు.

గిటార్ కేబుల్‌ని ముందు డీఐ ఇన్‌పుట్‌లో పెట్టండి, పెడల్స్ ఉంటే వాటికంటే ముందే. థ్రూ అని రాసి ఉన్న జాక్ నుంచి మామూలు కేబుల్‌తో ఆంప్‌కి, ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల జాక్) నుంచి ఇంటర్‌ఫేస్ (సౌండ్‌ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె) మైక్ ఇన్‌పుట్‌కి. యాక్టివ్ డీఐకి (పవర్ కావాల్సిన రకం) బ్యాటరీ లేకపోతే ఇంటర్‌ఫేస్‌లో 48 వోల్టుల ఫాంటమ్ (మైక్ కేబుల్‌లోనే వెళ్ళే పవర్) ఆన్ చెయ్యాలి. మీ బాస్‌లో బ్యాటరీ లేని పికప్స్ అయితే 1 మెగాఓమ్ ఇన్‌పుట్ ఉన్న యాక్టివ్ డీఐ తీసుకోండి, ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (ఓముల్లో చెప్పే నిరోధం) తక్కువైతే పై ఫ్రీక్వెన్సీల్లో ఉండాల్సిన మెరుపు తగ్గిపోతుంది.

ఆంప్ ఆన్ చెయ్యగానే హమ్ (గుయ్‌మనే మోత) వస్తే డీఐ మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వెయ్యండి, చాలాసార్లు అక్కడికక్కడే ఆగిపోతుంది. ఆగలేదని ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం దయచేసి పీకద్దు, షాక్ కొడితే ప్రాణం మీదకొస్తుంది. ఆంప్ స్పీకర్ అవుట్‌ని కూడా ఇంటర్‌ఫేస్‌లోకి ఎప్పుడూ పెట్టకండి, కాలిపోతుంది.

మైక్‌ని స్పీకర్ కోన్ మధ్యకీ అంచుకీ నడుమ పెట్టి ఇటూ అటూ జరుపుతూ వినండి. రెండూ వేరే వేరే ట్రాకుల్లోనే రికార్డ్ చెయ్యండి, పీక్స్ మీటర్లో మైనస్ 12 డీబీ దగ్గరుంటే చాలు.

ఇప్పుడు అసలు సంగతి, ఫేజ్, అంటే రెండు ట్రాకుల తరంగాలు కలిసి నడుస్తున్నాయా లేదా అన్నది. కేబుల్‌లో సిగ్నల్ వెంటనే వచ్చేస్తుంది, గాలిలో శబ్దం 34 సెంటీమీటర్లు రావడానికి సుమారు 1 మిల్లీసెకను పడుతుంది, అంటే మైక్ అంత దూరంలో ఉంటే, సెకనుకి 48 వేల శాంపిల్స్ తీసే 48 కిలోహెర్ట్జ్ రికార్డింగ్‌లో 48 శాంపిల్స్ లేటు. రెండింటినీ ఒకే లెవెల్లో కలిపితే 500 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, విడిగా వింటే రెండూ బాగుంటాయి గానీ కలిపితే బాస్ పల్చబడిపోతుంది. అందుకని ఒక గట్టి నోటు దగ్గర బాగా జూమ్ చెయ్యండి, డైరెక్ట్ ట్రాక్‌లో తరంగం మొదటి గుబ్బ ముందుంటుంది, మైక్ ట్రాక్‌లో అదే గుబ్బ కాస్త కుడివైపు ఉంటుంది, మైక్ ట్రాక్‌ని ఎడమకి జరిపి కలపండి. గుబ్బ ఒకదాంట్లో పైకీ ఒకదాంట్లో కిందకీ ఉంటే పొలారిటీ బటన్ నొక్కండి, దాంతో తిరగబడ్డది సరవుతుంది గానీ లేటు పోదు. ఆఖర్న మోనోలో పెట్టి చెవితోనే చూస్కోండి, కింద ఎక్కువ నిండుగా వినపడిందే కరెక్ట్.

తర్వాత ఆంప్ టోన్ నచ్చకపోతే డైరెక్ట్ ట్రాక్‌నే రీఆంప్ బాక్స్ (ఇంటర్‌ఫేస్ సిగ్నల్‌ని గిటార్ స్థాయికి మార్చేది) ద్వారా మళ్ళీ ఆంప్‌లోకి పంపించి కొత్త టోన్‌తో తీసుకోవచ్చు, వాయించినవాళ్ళని మళ్ళీ పిలవక్కర్లేదు. అప్పుడు కూడా లెవెల్ బాగా తగ్గించి మొదలుపెట్టండి, ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్ గిటార్ కంటే చాలా హాట్‌గా, అంటే ఎక్కువ లెవెల్లో ఉంటుంది.