గిటారు ల్యాకర్‌పై తెల్ల మసక పోగొట్టే చిట్కా

విశాఖపట్నంలో ఇంట్లోనే ఎలక్ట్రిక్ గిటారు తయారుచేసుకునేవారిని బాగా విసిగించేది, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) ల్యాకర్ అనే మెరుపు పూత కొట్టిన కాసేపటికే బాడీ మీద పాలు ఒలికినట్టు పరుచుకునే తెల్లటి మసక. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ పూతను చల్లబరచడంతో సముద్రపు గాలిలోని తేమ దానిపై చేరి చిక్కుకుపోతుంది. అంతమాత్రాన పూతంతా గీకేసి మళ్లీ మొదలుపెట్టనవసరం లేదు. పెయింట్ దుకాణంలో దొరికే, మామూలు థిన్నర్ కంటే మెల్లగా ఆవిరయ్యే రిటార్డర్ థిన్నర్‌ను మాత్రమే స్ప్రే గన్‌లో పోసి, సుమారు అడుగు దూరం నుంచి, పైభాగం తడిగా మెరిసేంత వరకే పలుచగా కొట్టి కదపకుండా వదిలేస్తే, పూత కొద్దిగా కరిగి, తేమ మెల్లగా బయటికి పోయి, చెక్క గీతలు మళ్లీ స్పష్టంగా కనిపిస్తాయి. మిగిలిన పూతలకు పది పాళ్ల మామూలు థిన్నర్‌లో ఒక పాలు రిటార్డర్ కలిపి, వాన లేని రోజున, ఎండ బాగా ఎక్కాక, హైగ్రోమీటర్‌లో తేమ 70 శాతం లోపు ఉన్నప్పుడే కొట్టడం మేలు. తేమను కొలవకుండా అంచనాతో మొదలుపెట్టడం నాకైతే సమ్మతం కాదు. ఈ పనికి గాలి ఆడే చోటు, మాస్కు తప్పనిసరి. దగ్గరలో పొయ్యి వెలగకూడదు. రిటార్డర్ మోతాదు మించితే పూత చాలా రోజులు మెత్తగానే ఉండి వేలిముద్రలు పడతాయి. పాలియురేథేన్ పూత గట్టిపడ్డాక థిన్నర్‌కు కరగదు కాబట్టి దానిపై ఈ పద్ధతి పనిచేయదు.