వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్ ఖాతా చేజారిందా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

మెసేజింగ్ యాప్‌లో ఏదో తేడాగా ఉందనిపించగానే చాలామంది యాప్ తీసేసి మళ్ళీ వేసుకుంటారు. దానివల్ల కొన్నిసార్లు పని జరగదు, కొన్నిసార్లు చేతిలో ఉన్న ఆధారాలు కూడా పోతాయి. ముందు తేల్చుకోవాల్సింది, దొంగ దగ్గర ఏముంది అన్నది. మీ నంబరా? మీ ఖాతాకు తగిలించుకున్న ఇంకో పరికరమా? మీ ఫోనే అతని అదుపులో ఉందా? లేక మీ పేరూ ఫొటో మాత్రమేనా? నాలుగింటికీ మందు వేరు. ఎన్‌క్రిప్షన్‌ని (మెసేజ్‌లను దారిలో ఎవరూ చదవలేకుండా మార్చే రక్షణని) ఛేదించి లోపలికి వచ్చేవాళ్ళు దాదాపు ఉండరు. ఆ శ్రమ వాళ్ళకెందుకు, కోడ్ మనమే చదివి వినిపిస్తుంటే?

అడగకుండానే 6 అంకెల కోడ్ వచ్చింది

కారణం: ఎవరో వాళ్ళ ఫోన్‌లో యాప్ తెరిచి మీ నంబర్ కొట్టారు. అంకె తప్పు కొట్టిన అమాయకుడైనా కావచ్చు, దొంగైనా కావచ్చు. కోడ్ వచ్చినంత మాత్రాన ఖాతా ఎక్కడికీ పోలేదు. దాని వెనకే వచ్చే మెసేజ్‌తోనే ప్రమాదం: "అన్నా, పొరపాటున నా కోడ్ ఒకటి నీ నంబర్‌కి వచ్చింది, కొంచెం పంపవా?" ఇది బాగా తెలిసినవాళ్ళ ఖాతా నుంచే వస్తుంది, ఎందుకంటే వాళ్ళ ఖాతా అప్పటికే పోయింది. ఒకరి కోడ్ ఇంకొకరి నంబర్‌కి వచ్చే ఏర్పాటు ఏ యాప్‌లోనూ లేదు.

ఇదే పనికి ఇంకో దారి, వీడియో కాల్‌లో "స్క్రీన్ షేర్ చేయండి, నేను చూసి చెప్తాను" అనడం. ఆ సమయంలో వచ్చిన ఎస్సెమ్మెస్ పైన కనబడుతుంది. మీరు నోరు విప్పాల్సిన పని కూడా లేదు.

పరిష్కారం: కోడ్‌ని ముట్టుకోకండి. వాట్సాప్‌లో సెట్టింగ్స్ → అకౌంట్ → టూ-స్టెప్ వెరిఫికేషన్‌కి వెళ్ళి 6 అంకెల పిన్ పెట్టుకోండి. పుట్టినరోజు వద్దు, బ్యాంకు పిన్ అసలే వద్దు. అక్కడే ఈమెయిల్ కూడా ఇవ్వండి. పిన్ మరచిపోతే దారి అదే. అయితే ఆ ఈమెయిల్‌కి కూడా గట్టి పాస్‌వర్డ్ ఉండాలి, లేకపోతే పిన్ పెట్టీ లాభం లేదు. టెలిగ్రామ్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద ఇదే పేరుతో పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. సిగ్నల్‌లో పిన్ ఒక్కటే చాలదు, "రిజిస్ట్రేషన్ లాక్" విడిగా ఆన్ చేయాలి. 2022 ఆగస్టులో సిగ్నల్‌కి ఎస్సెమ్మెస్ కోడ్‌లు పంపే ట్విలియో సంస్థలోకి దొంగలు చొరబడ్డారు. సుమారు 1,900 మంది నంబర్లు వాళ్ళకు అందుబాటులోకి వచ్చాయి. వాటిలో లాక్ ఉన్న ఖాతాలను వేరే ఫోన్‌లో రిజిస్టర్ చేసే వీలు వాళ్ళకు లేకపోయింది.

వాయిస్ మెయిల్ వాడేవాళ్ళకు ఒక మాట. మీరు కాల్ ఎత్తకపోతే కోడ్ చెప్పే ఆటోమేటిక్ కాల్ వాయిస్ మెయిల్‌లో రికార్డవుతుంది. దాని పిన్ 0000, 1234 లాంటిదైతే ఇప్పుడే మార్చండి.

వాట్సాప్ లాగౌట్ అయింది, "ఈ నంబర్ వేరే ఫోన్‌లో రిజిస్టర్ అయింది" అంటోంది

కారణం: కోడ్ ఎవరి చేతికో చేరింది. సిమ్ మీ దగ్గరే ఉంటే ఖాతా తిరిగి మీదే అవుతుంది. ముందుగా ఫోన్‌కి సిగ్నల్ ఉందో లేదో చూడండి. లేకపోతే ఇది వదిలేసి కిందున్న సిమ్ భాగానికి వెళ్ళండి. ఉంటే:

1. యాప్‌లో మీ నంబర్ కొట్టి, ఎస్సెమ్మెస్‌లో వచ్చిన కోడ్ ఇవ్వండి. ఇచ్చిన క్షణంలోనే అవతలివాడు బయటపడతాడు.
2. మీరు ఎప్పుడూ పెట్టని పిన్ అడిగితే, దొంగ పెట్టాడని అర్థం. పిన్ లేకుండా లోపలికి వెళ్ళాలంటే 7 రోజులు ఆగాలి. ఈలోగా అతను కూడా లోపల ఉండడు కాబట్టి కంగారుపడకండి. ఊహించి ఏవో అంకెలు కొట్టకండి.
3. "ఇన్ని గంటల తర్వాత ప్రయత్నించండి" అని వస్తే, దొంగ తప్పుడు కోడ్‌లు పదే పదే కొట్టి ఉంటాడు. టైమర్ పూర్తయ్యేదాకా ఆగడమే మార్గం.
4. లోపలికి వెళ్ళగానే లింక్డ్ డివైసెస్ (మీ ఖాతాకు తగిలించిన ఇతర పరికరాల జాబితా) ఖాళీ చేసి, పిన్ పెట్టి, ఈమెయిల్ సరిచూసుకోండి. దొంగ మిమ్మల్ని కొత్త గ్రూపుల్లో చేర్చాడేమో చూడండి.
5. బంధువులకూ స్నేహితులకూ మామూలు ఫోన్ కాల్ చేసి చెప్పండి. ఈ పని 7 రోజుల తర్వాత కాదు, మొదటి అరగంటలోనే చేయాలి. డబ్బు అడిగే మెసేజ్‌లు వెళ్ళేది అప్పుడే.

అతను ఏమేం చూసి ఉంటాడు? వాట్సాప్‌లో పాత చాట్‌లు మీ ఫోన్‌లోనూ బ్యాకప్‌లోనూ ఉంటాయి. నంబర్ రిజిస్టర్ చేసుకున్నంత మాత్రాన అవి అతనికి దొరకవు. గ్రూపుల పేర్లు, సభ్యుల నంబర్లు, అప్పటి నుంచి వచ్చే కొత్త మెసేజ్‌లు దొరుకుతాయి. టెలిగ్రామ్ దీనికి పూర్తిగా భిన్నం. సీక్రెట్ చాట్‌లు తప్ప అన్నీ క్లౌడ్‌లో, అంటే టెలిగ్రామ్ సర్వర్లలో, ఉంటాయి కాబట్టి లోపలికి వచ్చినవాడికి ఏళ్ళనాటివి కూడా కనబడతాయి. సేవ్డ్ మెసేజెస్‌లో పాస్‌వర్డ్‌లు, గుర్తింపు కార్డుల ఫొటోలు దాచుకున్నవాళ్ళు అవన్నీ బయటపడ్డట్టే లెక్క వేసుకుని పాస్‌వర్డ్‌లు మార్చాలి. ఒక వెసులుబాటు ఉంది: టెలిగ్రామ్‌లో కొత్తగా చేరిన పరికరం మొదటి 24 గంటలపాటు పాత పరికరాలను లాగౌట్ చేయలేదు. ఆలోగా మీ ఫోన్‌లో సెట్టింగ్స్ → డివైసెస్ తెరిచి "టెర్మినేట్ ఆల్ అదర్ సెషన్స్" నొక్కితే సరిపోతుంది. ఆలస్యమైతే అతనే మిమ్మల్ని గెంటేస్తాడు.

ఖాతా మామూలుగానే పనిచేస్తోంది, కానీ నేను పంపని మెసేజ్‌లు వెళ్తున్నాయి, తెరవనివి చదివినట్టు కనబడుతున్నాయి

కారణం: లింక్డ్ డివైస్. మిమ్మల్ని బయటికి పంపకుండా పక్కనే కూర్చుని చదువుకునే పద్ధతి ఇది. పై సమస్య కన్నా ఇదే చెడ్డదని మా అభిప్రాయం, ఎందుకంటే నెలల తరబడి తెలియకుండానే సాగిపోవచ్చు. వాట్సాప్ ఫోన్‌కి తోడు 4 పరికరాలను ఒప్పుకుంటుంది. అవి పనిచేయడానికి మీ ఫోన్ ఆన్‌లైన్‌లో ఉండనక్కర్లేదు. 14 రోజులు ఫోన్ వాడకపోతే అవి వాటంతటవే లాగౌట్ అవుతాయి, కానీ మీరు రోజూ వాడుతూనే ఉంటారు కాబట్టి ఆ నియమం ఇక్కడ అక్కరకు రాదు.

తగిలించే దారులు మూడు. మొదటిది, మీ ఫోన్ రెండు నిమిషాలు ఎవరి చేతిలోనైనా ఉండటం. రెండోది, "గ్రూపులో చేరండి", "ఓటు వేయండి" అంటూ చూపే క్యూఆర్ కోడ్. అది నిజానికి దొంగ కంప్యూటర్‌ని లింక్ చేసే కోడ్. సిగ్నల్ వాడేవాళ్ళపై రష్యాతో సంబంధమున్న ముఠాలు ఇదే ఎత్తు వేస్తున్నాయని 2025 ఫిబ్రవరిలో గూగుల్ పరిశోధకులు బయటపెట్టారు. మూడోదాన్ని పట్టుకోవడం కష్టం. ఏదో లింకు నొక్కితే ఫొటో చూపిస్తామంటూ పేజీ తెరుచుకుంటుంది, మీ నంబర్ అడుగుతుంది. కొట్టగానే 8 అక్షరాల కోడ్ చూపించి "దీన్ని వాట్సాప్‌లో ఎంటర్ చేయండి" అంటుంది. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో నోటిఫికేషన్ వస్తుంది. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు కదా అని మీరు నిశ్చింతగా ఉంటారు. ఇక్కడ కోడ్ వాళ్ళిచ్చింది, తలుపు తీసింది మీరు.

పరిష్కారం: సెట్టింగ్స్‌లో (ఆండ్రాయిడ్‌లో మూడు చుక్కల మెనూలో) లింక్డ్ డివైసెస్ తెరవండి. ప్రతి పరికరం పేరు, చివరిసారి వాడిన సమయం ఉంటాయి. ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి, తర్వాత ప్రతిదాన్నీ నొక్కి లాగౌట్ చేయండి. మీదేనేమో అని సందేహమున్నా తీసేయండి. మళ్ళీ లింక్ చేసుకోవడం నిమిషం పని. ఇంట్లోనో ఆఫీసులోనో ఫోన్ చేతులు మారుతుంటే యాప్ లాక్ ఆన్ చేయండి. టూ-స్టెప్ పిన్ ఈ దారిని మూయదు, అది కొత్త ఫోన్‌లో రిజిస్టర్ చేసేటప్పుడే అడుగుతుంది. పిన్ ఉందన్న ధీమాతో ఇక్కడే చాలామంది దెబ్బతింటారు.

ఉన్నట్టుండి సిగ్నల్ పోయింది, లేదా కాల్స్ రావడం లేదు

పక్కవాళ్ళకు అదే నెట్‌వర్క్ పనిచేస్తూ, రీస్టార్ట్ చేసినా మీకు రాకపోతే సిమ్ స్వాప్ అని అనుమానించండి. మీ వివరాలు చూపించి ఎవరో మీ నంబర్‌తో కొత్త సిమ్ తీసుకున్నారు. 2019 ఆగస్టులో ట్విటర్ అధిపతి జాక్ డోర్సీ సొంత ఖాతానే ఈ దారిలో కొట్టేశారు. వేరే ఫోన్ నుంచి టెలికాం సంస్థకు చెప్పి సిమ్ ఆపించండి, వెంటనే బ్యాంకుకు చెప్పండి. వాట్సాప్ ఖాతా సంగతి ఆ తర్వాత.

సిగ్నల్ ఉండి కాల్స్ మాత్రం రాకపోతే కాల్ ఫార్వర్డింగ్ చూడండి. "కొరియర్ వచ్చింది, ఈ నంబర్‌కి డయల్ చేయండి" అని ఎవరైనా 21* తో మొదలయ్యేది చెప్పారా? అది కొడితే మీ కాల్స్ వాళ్ళకు మళ్ళుతాయి, కోడ్ చెప్పే కాల్ కూడా. *#21# కొడితే పరిస్థితి కనబడుతుంది, ##002# అన్నింటినీ రద్దు చేస్తుంది. వాయిస్ మెయిల్‌కి మళ్ళించేదీ దీంతో పోతుంది, తర్వాత పెట్టుకోవాలి. ఈ కోడ్‌లు పనిచేయని నెట్‌వర్క్‌లో ఫోన్ కాల్ సెట్టింగ్స్‌లో చూడండి.

చాట్‌లో వచ్చిన ఫైల్ ఇన్‌స్టాల్ చేశాక ఫోన్ వింతగా ఉంది

పెళ్ళి పత్రిక, చలానా, బ్యాంకు అప్‌డేట్ పేరుతో వచ్చే .ఏపీకే ఫైల్ పత్రిక కాదు, యాప్. అది ఎస్సెమ్మెస్, నోటిఫికేషన్, యాక్సెసిబిలిటీ (స్క్రీన్‌ని చదివి, మీ బదులు నొక్కగలిగే) అనుమతులు అడుగుతుంది. ఇచ్చారంటే మీ ఓటీపీలు మీకన్నా ముందు దొంగ చదువుతాడు. ఈ స్థితిలో ఆ ఫోన్‌లోనే పిన్‌లు, పాస్‌వర్డ్‌లు మార్చడం వృథా. కొత్తవి కూడా అతనికే చేరతాయి. అందుకే వరుస ముఖ్యం:

1. మొబైల్ డేటా, వైఫై ఆపండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి.
2. సెట్టింగ్స్‌లో "యాక్సెసిబిలిటీ" అని వెతికి, తెలియని యాప్‌కి ఆన్ ఉంటే ఆపండి. తర్వాత "డివైస్ అడ్మిన్" (ఫోన్‌పై ప్రత్యేక అధికారాలున్న యాప్‌ల) జాబితాలోనూ ఆపండి. అక్కడ ఆన్ ఉన్నంతవరకు అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయదు.
3. సెట్టింగ్స్ → యాప్స్ జాబితా నుంచి తీసేయండి. హోమ్ స్క్రీన్‌లో ఐకాన్ లేకపోవచ్చు.
4. సెట్టింగ్స్ తెరవగానే మూసుకుపోతుంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి చేయండి. బయటి నుంచి వేసుకున్న యాప్‌లు అక్కడ నడవవు. అదీ కాకపోతే ఫోన్‌లోవన్నీ చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్.
5. శుభ్రమయ్యాకే, వీలైతే వేరే పరికరం నుంచి, పాస్‌వర్డ్‌లు మార్చండి.

నా ఫొటోతో కొత్త నంబర్ నుంచి డబ్బు అడుగుతున్నారు

మీ ఖాతా భద్రంగానే ఉంది, పోయింది పేరు. మెసేజ్ అందుకున్నవాళ్ళ చేత ఆ నంబర్, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీయించండి. ఆ తర్వాతే వాళ్ళను రిపోర్ట్ చేసి బ్లాక్ చేయమనండి. చాట్ డిలీట్ చేయనివ్వకండి. ప్రైవసీలో ప్రొఫైల్ ఫొటోని "మై కాంటాక్ట్స్"కి పరిమితం చేయండి. గుర్తింపు కార్డు ఫొటో కూడా ఎవరికైనా వెళ్ళి ఉంటే సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు చేసి దాని కాపీ దాచుకోండి. రేపు మీ పేరున ఎవరైనా అప్పు తీసుకుంటే, అది మీరు తీసుకోలేదని చూపడానికి ఆ తేదీ పనికొస్తుంది. క్రెడిట్ రిపోర్ట్‌లో తెలియని అప్పు ఉందేమో కొన్ని నెలలు గమనించండి.

స్నేహితుడి చాట్‌లో "సెక్యూరిటీ కోడ్ మారింది" అని వచ్చింది

చాలాసార్లు వాళ్ళు ఫోన్ మార్చారంతే. కానీ అదే రోజు ఆ చాట్‌లో డబ్బో, కోడో అడిగితే మాత్రం ఫోన్ చేసి గొంతు వినేదాకా ఏదీ పంపకండి. ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నప్పుడు కాంటాక్ట్ వివరాల్లో "ఎన్‌క్రిప్షన్" నొక్కి సెక్యూరిటీ కోడ్‌లోని 60 అంకెలు ఇద్దరి ఫోన్లలో ఒకటేనా అని పోల్చుకోండి, లేదా క్యూఆర్ స్కాన్ చేయండి. ఈ హెచ్చరికలు రావాలంటే అకౌంట్ → సెక్యూరిటీ నోటిఫికేషన్స్ ఆన్ చేసి ఉండాలి.