కోణాలు సమానమని ‘కనిపిస్తే’ చాలదు: కారణం రాయడం ఎలా?

రెండు రేఖలు ఖండించుకున్నప్పుడు ఎదురెదురు కోణాలు సమానమని బొమ్మ చూస్తేనే తెలుస్తోంది కదా, ఇంకా నిరూపించేదేముంది? రేఖాగణితం మొదలుపెట్టిన పిల్లల్లో చాలామందికి వచ్చే సందేహమే ఇది. కోణమానిని పెట్టి కొలిస్తే తేలేది ఆ కాగితం మీది బొమ్మ సంగతి మాత్రమే. ఉపపత్తి, అంటే కారణాలతో చేసే నిరూపణ, అలాంటి బొమ్మలన్నిటికీ వర్తించాలి.

ముందు పేర్లు తేల్చుకోవాలి. రెండు కోణాల మొత్తం 90° అయితే పూరకాలు, 180° అయితే సంపూరకాలు. పొడుగు పేరుకు పెద్ద మొత్తం అని గుర్తుపెట్టుకుంటే తారుమారు కావు. ఇవి పక్కపక్కన ఉండక్కర్లేదు. ఒక పేజీలో 70°, ఇంకో పేజీలో 110° ఉన్నా సంపూరకాలే. రేఖీయద్వయం అనాలంటే మాత్రం శీర్షం ఒకటే కావాలి, ఒక భుజం ఉమ్మడిగా ఉండాలి, మిగతా రెండు భుజాలు కలిసి ఒకే సరళరేఖ కావాలి. రేఖీయద్వయం కోణాలు 2:3 నిష్పత్తిలో ఉన్నాయంటే 180ని 5 భాగాలు చేయండి. ఒక్కో భాగం 36° కాబట్టి కోణాలు 72°, 108°.

ఇప్పుడు ఉపపత్తి. ఎబి, సిడి రేఖలు ఓ వద్ద ఖండించుకున్నాయి. ఎఓసి కోణాన్ని ∠1, సిఓబిని ∠2, బిఓడిని ∠3, డిఓఎను ∠4 అనుకుందాం.

దత్తాంశం: ఎబి, సిడి సరళరేఖలు, ఖండన బిందువు ఓ.
సారాంశం (నిరూపించాల్సింది): ∠1 = ∠3
∠1 + ∠2 = 180° (ఎబి మీద రేఖీయద్వయం)
∠2 + ∠3 = 180° (సిడి మీద రేఖీయద్వయం)
∠1 + ∠2 = ∠2 + ∠3 (రెండూ 180°కి సమానం)
∠1 = ∠3 (రెండు వైపులా ∠2 తీసేస్తే)

రెండో వరుసలో ∠3 + ∠4 = 180° అని రాశారనుకోండి. అది తప్పు కాదు, కానీ దానితో దారి మూసుకుపోతుంది. కొట్టేయడానికి ఉమ్మడి కోణమే ఉండదు. ∠1కీ ∠3కీ రెండింటికీ పక్కనున్న కోణాన్ని వెతికి పట్టుకోవడమే ఇక్కడి కిటుకు. ∠2 బదులు ∠4 తీసుకున్నా పని జరుగుతుంది. అసలు తప్పు ఇంకోటి ఉంది: ‘శీర్షాభిముఖ కోణాలు (ఎదురెదురు కోణాలు) కాబట్టి’ అని కారణం రాయడం. నిరూపించాల్సిందే అది! తర్వాతి లెక్కల్లో ఆ కారణం నిక్షేపంగా వాడుకోవచ్చు, ఇక్కడ కుదరదు.

ఏకాంతర కోణాల దగ్గర పొరపాటు వేరు. తిర్యగ్రేఖ (అడ్డంగా ఖండించే రేఖ) ఏ రెండు రేఖలను ఖండించినా ఏకాంతర కోణాలు, అంటే ఆ రెండు రేఖల మధ్య తిర్యగ్రేఖకు చెరోవైపు, చెరో ఖండన బిందువు దగ్గర ఉండే కోణాలు, ఏర్పడతాయి, కానీ అవి సమానం కావాలంటే ఆ రేఖలు సమాంతరం కావాలి. అందుకే కారణంలో ‘ఏకాంతర కోణాలు’ అని ఆపకండి, ఏ రేఖ దేనికి సమాంతరమో కూడా రాయండి.

త్రిభుజంలో మూడు కోణాల మొత్తం 180° అనేదానికి ఇదే ఆధారం. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ కూడా తన ‘ఎలిమెంట్స్’ మొదటి పుస్తకంలో సమాంతర రేఖల సంగతి 29వ ప్రతిపాదనలో తేల్చాకే 32వ దానిలో త్రిభుజానికి వచ్చాడు. ఆలోచన చివరి నుంచి మొదలుపెట్టండి. 180° కావాలంటే సరళకోణం కావాలి. ఎబిసి త్రిభుజంలో అది లేదు, కాబట్టి మనమే గీయాలి. ఎ గుండా బిసికి సమాంతరంగా ఒక రేఖ గీస్తే ఎ దగ్గర, ఆ రేఖకు కింద మూడు కోణాలు వస్తాయి. బి వైపు చివరిది ∠బికి, సి వైపు చివరిది ∠సికి ఏకాంతరం, కనుక సమానం. మధ్యలోది త్రిభుజపు ∠ఎ. మూడూ ఒకే రేఖ మీద ఉన్నాయి కాబట్టి మొత్తం 180°.

నిర్మాణంలో రేఖకు అదనపు షరతు తగిలించకండి. ‘ఎ నుంచి బిసి మధ్యబిందువు గుండా పోయే లంబం గీయాలి’ అని కొందరు రాస్తారు. ఎ నుంచి గీసిన లంబం బిసి మధ్యలోనే పడాలంటే ఎబి, ఎసి సమానం కావాలి. అన్ని త్రిభుజాల్లో అలా ఉండదు.