కోచ్‌లు పెంచమనే ముందు వేసుకోవాల్సిన లెక్క

మెట్రోలో నలిగిపోయిన ప్రతివాళ్లూ "కోచ్‌లు పెంచొచ్చుగా" అంటారు. ఎన్ని పెంచాలో ఎలా తేల్చాలి? హైదరాబాద్ మెట్రోనే తీసుకుందాం.

రోజుకి ఎన్ని లక్షలమంది ఎక్కారన్న అంకెతో ఇక్కడ పని లేదు. బాగా రద్దీ ఉన్న ఒక్క గంట, ఒక్క దిక్కు, బండి ఏ రెండు స్టేషన్ల మధ్య ఎక్కువ నిండుతోంది అన్నది పట్టుకోండి. రెండు లైన్లు కలిసే అమీర్‌పేటలో ఉదయం నిలబడి, బండి వెళ్లిపోయాక ప్లాట్‌ఫాం మీద ఎంతమంది మిగిలారో వరసగా పది బండ్లకు రాసుకోండి. మిగిలేవాళ్లు బండి బండికీ పెరుగుతుంటే బండ్లు చాలట్లేదని అర్థం.

మూడు కోచ్‌ల బండిలో సుమారు వెయ్యిమంది పడతారు. 5 నిమిషాలకొకటి నడిపితే గంటకు 12 వేలు, 3 నిమిషాలకొకటైతే 20 వేలు. డిపోలో బండ్లుండి, చివరి స్టేషన్లో అంత త్వరగా వెనక్కి తిప్పగలిగితే ముందు చేయాల్సింది ఇదే.

అది కుదరనప్పుడే పొడవు. చాలామంది బోల్తాపడేది ఇక్కడే: ఉన్న రెండు బండ్లు కలిపి ఆరు కోచ్‌లు చేసేస్తే పోలా అంటారు. మొదట తెచ్చినవి 57 రైళ్లు, జతకడితే 28 అవుతాయి, ఒకటి మిగులుతుంది. 5 నిమిషాలకు వచ్చేది 10 నిమిషాలకు వస్తుంది, గంటకు మోసే జనం మాత్రం అంతే! దుప్పటి తలమీదికి లాక్కుంటే కాళ్లు బయటపడ్డట్టు. బెంగళూరులో 2018 నుంచి మూడు కోచ్‌ల రైళ్లను ఆరు చేశారంటే, అందుకోసం 150 కొత్త కోచ్‌లు కొన్నారు.

ప్లాట్‌ఫాంలు ఆరు కోచ్‌లకు సరిపడా ముందే కట్టారు కాబట్టి మనకు ఆ బెంగ లేదు. డిపోలో పొడుగు బండి నిలిపే చోటు, కరెంటు సబ్‌స్టేషన్ల శక్తి చూసుకోవాలి.

కొత్త కోచ్‌లు ఒకేసారి రావు, కొన్నాళ్లు పొట్టివీ పొడుగువీ కలిపి నడపాలి. అమీర్‌పేటలో 9 గంటలకు రద్దీ అయితే, మియాపూర్ నుంచి ఇరవై నిమిషాల పైనే పడుతుంది కాబట్టి పొడుగు బండి 8:35కే బయల్దేరాలి. వచ్చేది ఏ బండో ముందే బోర్డు మీద చూపించాలి, లేకపోతే పొట్టి బండి వచ్చినప్పుడు ప్లాట్‌ఫాం చివర నిలబడ్డవాళ్లంతా మధ్యకు పరుగులు పెడతారు, తలుపులు మూతపడవు, వెనక బండ్లన్నీ లేటు.

మధ్యాహ్నం జనం తగ్గారని కోచ్‌లు ఊడదీయకండి, ఆ విడదీసి కలిపే పనికి మనుషులూ లైనూ కావాలి. రెండు ట్రిప్పులు తగ్గించుకుంటే చాలు.