ఉయ్యాల తర్వాతైనా కొనొచ్చు, ముందు ఈ పనులు చూసుకోండి

ఏడో నెల పడగానే ఇంట్లో మొదలయ్యే చర్చ ఒక్కటే, పురుడు ఎక్కడ? మొదటి కాన్పు పుట్టింట్లోనే అని అమ్మావాళ్లు గుంటూరు నుంచో కడప నుంచో రోజూ ఫోన్ చేస్తుంటారు, ఇక్కడ బెంగళూరులో చూస్తే మొదటి నుంచీ చూస్తున్న డాక్టర్ ఉంది, కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది, మీ ఆయనకి అన్ని రోజులు సెలవు దొరకదు. ఇది తేలకపోతే మిగతావేవీ కదలవు, అందుకే 28వ వారం దాటకముందే తేల్చేసుకోండి. బీపీ, షుగర్, కవలలు, మాయ కిందికి ఉండటం లాంటివి ఏమన్నా ఉంటే మాత్రం చూస్తున్న డాక్టర్ దగ్గరే ఉండండి, అమ్మనే ఇక్కడికి రప్పించుకోండి. ఏ ఇబ్బందీ లేకపోతే ఊరెళ్లడం మంచిదే, కాకపోతే నెలలు నిండాక కాదు, ముందే వెళ్లాలి. 32 వారాలు దాటితే చాలా ఎయిర్‌లైన్స్ డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతాయి, 36 దాటితే అసలు ఎక్కించుకోవు. ట్రైన్ అయితే గర్భిణులకి లోయర్ బెర్త్ కోటా ఉంటుంది, స్టేషన్ కౌంటర్లో అడగండి. స్లీపర్ బస్సు మాత్రం వద్దు, మధ్యలో బాత్రూమ్‌కి ఎక్కడ ఆపుతాడో వాడికే తెలియదు. ఊళ్లో ఏ హాస్పిటల్లో కాన్పు అనుకుంటున్నారో అక్కడ 34వ వారంలోపే ఒకసారి చూపించుకుని ఫైల్ తెరిపించాలి, అక్కడ మీ ఇన్సూరెన్స్‌కి క్యాష్‌లెస్ ఉందో లేదో కనుక్కోవాలి. నొప్పులతో మొదటిసారి వెళ్లి పరిచయం చేసుకునే పరిస్థితి తెచ్చుకోవద్దు.

ఇక్కడే ఉండేటట్టయితే రెండో చర్చ, ఎవరు ఎప్పుడు వస్తారు. మొహమాటపడకుండా ముందే మాట్లాడుకోండి. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో ఇద్దరు వియ్యపురాళ్లని ఒకేసారి పెడితే మీరు బిడ్డ ఏడుపు కన్నా వంటింట్లో మౌనానికి ఎక్కువ భయపడాల్సి వస్తుంది. అమ్మ మొదటి నెలా నెలన్నరా, తర్వాత అత్తగారు అని తేదీలతో సహా అనుకుంటే టికెట్లు కూడా దొరుకుతాయి. సాయానికి మనిషిని పెట్టుకునే ఆలోచన ఉంటే ఎనిమిదో నెలలోనే మాట్లాడి పెట్టుకోండి, బాలింతకీ బిడ్డకీ స్నానం పోసి నలుగు పెట్టే మంచి మనుషులకి బెంగళూరులో చాలా డిమాండ్, అప్పటికప్పుడు దొరకరు.

హాస్పిటల్ విషయానికొద్దాం. ఎంత పేరున్న హాస్పిటల్ అయినా సాయంత్రం ఆరున్నరకి మీ ఇంటి నుంచి ఎంతసేపట్లో చేరతారన్నది చూడండి. ఆదివారం పొద్దున మ్యాప్ చూపించే టైమ్ లెక్కలోకి రాదు. పనిరోజు సాయంత్రం, వీలైతే వానపడుతున్నప్పుడు, మారతహళ్లి బ్రిడ్జి మీదుగానో సిల్క్ బోర్డు మీదుగానో ఒకసారి నిజంగా వెళ్లి రండి. వెళ్లినప్పుడు రాత్రి పూట ఏ గేటు తెరిచి ఉంటుంది, క్యాజువాలిటీకి వెళ్లాలా నేరుగా లేబర్ వార్డుకా, కారు ఎక్కడ వదలాలి, ఇవన్నీ సెక్యూరిటీ వాళ్లనే అడిగి తెలుసుకోండి. లేబర్ వార్డు డైరెక్ట్ నంబర్ ఇద్దరి ఫోన్లలో ఉండాలి, రిసెప్షన్ నంబర్ పనికిరాదు. మీ అపార్ట్‌మెంట్‌లో రాత్రి పదకొండు తర్వాత వెనక గేటు మూసేస్తారేమో చూసుకోండి. అర్ధరాత్రి క్యాబ్ బుక్ అయ్యి క్యాన్సిల్ అవడం ఈ ఊళ్లో కొత్త కాదు కాబట్టి, కారున్న ఇద్దరు పక్కింటివాళ్లకి ముందే చెప్పి ఉంచండి, సంతోషంగా ఒప్పుకుంటారు. అదీ కుదరకపోతే 108.

డాక్టర్‌ని అడగాల్సినవి: నవజాత శిశువుల ఐసీయూ ఆ బిల్డింగ్‌లోనే ఉందా, రాత్రిపూట మత్తు డాక్టర్ అక్కడే ఉంటారా లేక ఇంటి నుంచి రావాలా, మిమ్మల్ని చూస్తున్న డాక్టర్ సెలవులో ఉంటే కాన్పు ఎవరు చేస్తారు, భర్తని లోపలికి రానిస్తారా. మీది నెగెటివ్ బ్లడ్ గ్రూప్, ఆయనది పాజిటివ్ అయితే 28 వారాలప్పుడు ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ గురించి, కోరింత దగ్గు నుంచి బిడ్డని కాపాడటానికి 27 నుంచి 36 వారాల మధ్య తల్లికి వేసే టీడాప్ టీకా గురించి కూడా అడగండి. డబ్బు గురించి టెన్షన్ ఉంటే సిగ్గుపడాల్సిన పని లేదు, సిటీ మార్కెట్ దగ్గర వాణీ విలాస్ ప్రభుత్వ ఆసుపత్రి ఎన్నో దశాబ్దాలుగా కాన్పులు చేస్తున్నదే, క్లిష్టమైన కేసులు కూడా అక్కడికి వస్తాయి.

ఇప్పుడు ఇన్సూరెన్స్. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే డిశ్చార్జ్ రోజు గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. కంపెనీ పాలసీలో కాన్పుకి విడిగా ఒక పరిమితి ఉంటుంది, మొత్తం కవర్ ఎన్ని లక్షలున్నా కాన్పుకి ఇచ్చేది ఆ పరిమితి దాకానే. దానితోపాటు రూమ్ అద్దెకి కూడా పరిమితి ఉంటుంది. మీ పాలసీలో రోజుకి 5,000 అని ఉంది, మీరు 8,000 రూమ్ తీసుకున్నారు అనుకోండి. పైన 3,000 మనం కట్టుకుంటే సరిపోతుంది అనుకుంటాం. కానీ చాలా పాలసీల్లో డాక్టర్ ఫీజు, థియేటర్ ఛార్జీలు కూడా అదే నిష్పత్తిలో కోసేస్తారు, అంటే ప్రతి ఎనిమిది రూపాయల్లో ఐదే వాళ్లిస్తారు. అందుకే అడ్మిషన్ డెస్క్ దగ్గర "డీలక్స్ రూమ్ ఖాళీగా ఉంది సార్" అనగానే తల ఊపొద్దని మీ ఆయనకి ఇప్పుడే చెప్పి పెట్టండి. హాస్పిటల్ ప్యాకేజీ అంటే అందులో ఏమేం లేవో రాయించుకోండి, పిల్లల డాక్టర్ ఫీజు, బిడ్డ ఐసీయూ ఖర్చు సాధారణంగా అందులో ఉండవు. ముందే అనుకున్న సిజేరియన్ అయితే అప్రూవల్ కాగితాలు రెండు మూడు రోజుల ముందే ఇచ్చేయండి. పుట్టిన బిడ్డని పాలసీలో చేర్చడానికి గడువు ఉంటుంది, చాలా కంపెనీల్లో 30 రోజులు, కాబట్టి హెచ్‌ఆర్‌కి మెయిల్ డ్రాఫ్ట్ ఇప్పుడే రాసి ఉంచుకోండి.

సెలవు సంగతి: చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకి జీతంతో 26 వారాలు, అందులో కాన్పుకి ముందు 8 వారాలకి మించి వాడుకోకూడదు. ఒంట్లో బాగుంటే ముందు వీలైనంత తక్కువ వాడి, బిడ్డ పుట్టాకకి దాచుకోండి.

కాగితాల్లో మనవాళ్లకి ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది, ఇంటిపేరు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందు, పాన్ కార్డులో వెనక, ఆధార్‌లో పొడి అక్షరం, పెళ్లయ్యాక తీసుకున్న పాస్‌పోర్టులో ఇంకోటి. బిడ్డ పుట్టిన రోజు హాస్పిటల్ వాళ్లు ఒక ఫారం ఇస్తారు, తల్లి పేరు, తండ్రి పేరు రాయమని, అప్పటికి రాత్రంతా నిద్ర లేని మనిషి తోచినట్టు రాసేస్తాడు, బర్త్ సర్టిఫికెట్ మీద అదే వస్తుంది. తర్వాత దిద్దించుకోవడానికి తిరిగే ఓపిక పసిబిడ్డతో ఎవరికీ ఉండదు. అందుకని ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగ్‌తో, పాస్‌పోర్టు లేకపోతే ఆధార్‌లో ఉన్నట్టు, పెద్దక్షరాల్లో ఒక కాగితం మీద రాసి ఫైల్లో పై పేజీగా పెట్టండి, ఎవరు నింపినా అదే చూసి నింపుతారు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేర్చడం దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా బర్త్ సర్టిఫికెట్టే ముఖ్యం. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు జరగాలి, హాస్పిటల్లో పుడితే ఆ పని వాళ్లే చేస్తారు. బిడ్డ పేరు తేలకపోయినా ఫర్వాలేదు, బారసాల అయ్యాక ఏడాదిలోపు చేర్పించుకుంటే ఫీజు ఉండదు. కర్ణాటకలో గర్భిణులకి తాయి కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసే కార్డు) ఇస్తారు, ప్రైవేట్ హాస్పిటళ్లలో కూడా చాలా చోట్ల అడుగుతారు, మీ ఏరియా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ముందే చేయించుకోండి.

ఇక కొనడాలు. పుట్టకముందే ఏమీ కొనకూడదని పెద్దవాళ్లు అంటే వాదించకండి, నిజానికి అది మీ డబ్బు కాపాడే నమ్మకం. మొదటి రెండు వారాలకి కావాల్సింది చాలా తక్కువ. ముందు కట్టుకునే జబ్లాలు ఓ ఎనిమిది, గోచీ గుడ్డలు రెండు డజన్లు, టోపీలు, సాక్సులు, చుట్టడానికి మెత్తటి గుడ్డలు, పుట్టిన పిల్లల సైజు డైపర్లు ఒక చిన్న ప్యాకెట్ (పెద్దది తీసుకుంటే సగం ఉండగానే బిడ్డ ఆ సైజు దాటిపోతుంది). అమ్మ దగ్గర బాగా ఉతికి ఉతికి పలచబడిన నూలు చీరలు ఉంటాయి చూడండి, వాటికి మించిన గుడ్డ ఏ దుకాణంలోనూ దొరకదు. అంచు, జరీ ఉన్న భాగం కత్తిరించి తీసేసి, మిగిలింది చదరాలుగా చింపి, పోగులు ఊడి బిడ్డ వేళ్లకి చుట్టుకోకుండా చుట్టూ మడిచి కుట్టాలి, ఆ కుట్టు మానొద్దు. ఒక్క మాట, మన అపార్ట్‌మెంట్లకి వచ్చే బోరు నీళ్లకీ ట్యాంకర్ నీళ్లకీ ఎంత మెత్తటి గుడ్డైనా అట్టలా బిగుసుకుంటుంది. డిటర్జెంట్ తక్కువ వేసి, ఒకటికి రెండుసార్లు జాడించండి. జూన్ నుంచి అక్టోబర్ మధ్య కాన్పయితే బట్టలు ఆరవు కాబట్టి గుడ్డలు ఇంకో డజను ఎక్కువ పెట్టుకోండి. డిసెంబర్, జనవరి అయితే చలికి కాళ్లు చేతులు కప్పే బట్టలు ఉండాలి. స్టెరిలైజర్, బాటిల్ వార్మర్, ఆటోమేటిక్ ఉయ్యాల, వీటిని ఆన్‌లైన్‌లో ఎప్పుడైనా తెప్పించుకోవచ్చు, రేపటికల్లా వచ్చేస్తాయి. సొంత కారులో తిరిగే ఆలోచన ఉంటే వెనక్కి తిరిగి ఉండే కారు సీటు మాత్రం కొనండి.

హాస్పిటల్ బ్యాగు 35వ వారానికి తలుపు పక్కన ఉండాలి. ఫైలు, ఆధార్, ఇన్సూరెన్స్ కార్డు, ముందు బటన్లున్న నైటీలు, పెద్ద ప్యాడ్లు, చెప్పులు, ఫ్లాస్కు, పొడుగు వైరున్న ఛార్జర్. తోడు ఉండే మనిషికి ఒక దుప్పటి, అందరూ మర్చిపోయేది అదే.

పెద్దవాళ్లతో రాబోయే వాదనల్ని కూడా ముందే తీర్చుకోవచ్చు. పుట్టగానే తేనె నాకించడం, పంచదార నీళ్లు పట్టడం, బొడ్డుకి నూనో పసుపో రాయడం, ముక్కులో చెవిలో నూనె చుక్కలు, వస అరగదీసి పెట్టడం, కళ్లకి కాటుక, గది మూసి సాంబ్రాణి పొగ, తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు. ఇవేవీ వద్దు. ఏడాది లోపు పిల్లలకి తేనె నిజంగానే ప్రమాదం, దిండు ఏదైనా సరే ఊపిరి ఆడకుండా చేసే అవకాశం ఉంది, బిడ్డని వెల్లకిలా, గట్టి పరుపు మీద పడుకోబెట్టాలి. ఇదంతా మీరు చెబితే "మేం నిన్ను పెంచలేదా" అంటారు. అందుకే తొమ్మిదో నెల చెకప్‌కి అమ్మని కూడా తీసుకెళ్లండి, పిల్లల డాక్టర్‌ని కలిసి అమ్మ చేతే ఈ ప్రశ్నలు అడిగించండి. డాక్టర్ నోటి నుంచి వచ్చిన మాట ఇంట్లో చట్టం అవుతుంది. నూనె మర్దన, బాలింత స్నానం, వెల్లుల్లి కారం లాంటివి హాయిగా చేయించుకోండి, అభ్యంతరం ఏమీ లేదు. కానీ పథ్యం పేరు చెప్పి మంచినీళ్లు తగ్గిస్తే ఒప్పుకోవద్దు, పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ.

పాల గురించి ఇప్పుడే తెలుసుకోండి. పుట్టిన గంటలోపు రొమ్ముకి అందించాలి, మొదట వచ్చే చిక్కటి ముర్రుపాలు కొద్దిగానే ఉంటాయి, బిడ్డకి అవే చాలు. మొదటి రోజుల్లో బిడ్డ బరువు కొంచెం తగ్గుతుంది, కంగారుపడి డబ్బా పాలు మొదలుపెట్టొద్దు, ఐదో రోజుకి రోజుకి ఆరుసార్లయినా ఉచ్చ పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే. పుట్టిన 24 గంటల్లోపే బిడ్డ ఒళ్లు పచ్చగా (కామెర్లు) కనబడితే మాత్రం ఎండలో పెట్టి చూద్దాం అనుకోకుండా వెంటనే డాక్టర్‌కి చూపించాలి. ఇంటికి వచ్చేముందు బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి పడ్డాయా, చెవి పరీక్ష జరిగిందా అని మీ ఆయన అడిగి రాయించుకోవాలి, అది ఆయన పనిగా ఇప్పుడే అప్పగించండి.

తల్లికి మొదటి రెండు వారాలు ఊరికే ఏడుపు రావడం మామూలే. అది దాటినా తగ్గకపోతే, బిడ్డని చూడాలనిపించకపోతే, దిష్టి తగిలిందని కూర్చోవద్దు. తల్లీబిడ్డల్ని కలిపి చేర్చుకుని మానసిక వైద్యం చేసే ప్రత్యేక వార్డు మన ఊరి నిమ్హాన్స్‌లోనే ఉంది. ఫోన్‌లో మాట్లాడాలంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులో కూడా మాట్లాడతారు. ఈ నంబర్ మీ ఫోన్‌లో కాదు, మీ ఆయన ఫోన్‌లో ఉండాలి.

చివరి వారాల్లో రోజూ చేయాల్సింది ఒకటుంది, అన్నం తిన్నాక పక్కకి తిరిగి పడుకుని బిడ్డ కదలికలు లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది రాకపోతే, లేదా రోజూ ఉండే దానికన్నా తగ్గినట్టు అనిపిస్తే, పొద్దున్న దాకా ఆగకుండా హాస్పిటల్‌కి వెళ్లండి. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, మొహం ఉబ్బడం, రక్తం కనబడటం, అరచేతులూ అరికాళ్లూ విపరీతంగా దురద పెట్టడం, వీటికీ అంతే. డేట్ ఇచ్చిన రోజునే పుట్టే పిల్లలు చాలా తక్కువ, 37 వారాలు దాటాక ఎప్పుడైనా సరే అనుకోండి. మొదటి కాన్పులో నొప్పులు ఐదు నిమిషాలకోసారి, ఒక్కోటి నిమిషం పాటు, గంట సేపు అలాగే వస్తుంటే బయల్దేరాలి, కానీ రోడ్డు మీద గంట పట్టే టైమ్ అయితే అంత దాకా ఆగొద్దు. ఉమ్మనీరు పోతే నొప్పులు లేకపోయినా బయల్దేరాలి, నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయా తేటగా ఉన్నాయా చూసుకుని లేబర్ వార్డుకి ఫోన్‌లో చెప్పండి, వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.